మెషీన్లు లేని టర్బైన్ హాలు

మ్యూజియాలంటే నాకు మొదట్నుంచీ పెద్ద ఇష్టం లేదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి పెళ్లయిన కొత్తలో ఒకసారి, పిల్లల్ని తీసుకుని ఇంకోసారి వెళ్లాను. రెండుసార్లూ ఆ గంటలు కొట్టే గడియారం దగ్గరే కూర్చున్నాను. లోపల పళ్లచక్రాలు ఎలా తిరుగుతున్నాయో కాస్తయినా కనబడుతుందేమోనని.

అందుకే 2025 వేసవిలో లండన్ వెళ్లినప్పుడు మా అమ్మాయి "నాన్నా, శనివారం ఒక మ్యూజియానికి పోదాం" అనగానే నాకు మోకాళ్ల నొప్పి గుర్తొచ్చింది. "మోడ్రన్ ఆర్ట్ ఉంటుంది" అంది. నొప్పి ఇంకొంచెం పెరిగింది.

"బొమ్మలు చూడకపోయినా ఫర్వాలేదు. బిల్డింగు చూద్దువుగాని రా" అని బలవంతం చేసింది. మా ఆవిడ అప్పటికే పులిహోర డబ్బాలో పెట్టేసి తయారుగా ఉంది. ఆవిడకి ఎక్కడికైనా సరే, బయటికి పోవడం ముఖ్యం.

వాళ్ల ఇల్లు ఈస్ట్‌హామ్‌లో. రైలెక్కి మాన్షన్ హౌస్ స్టేషన్లో దిగాం. సెయింట్ పాల్స్ చర్చి పక్కగా నడిచి, థేమ్స్ మీద నడిచేవాళ్ల కోసమే కట్టిన వంతెన ఎక్కాం. తొమ్మిదేళ్ల మనవడు ముందు పరుగెడుతున్నాడు. వాణ్ణి కేకేస్తూ తలెత్తి చూశాను. ఎదురుగా అవతలి ఒడ్డున కిటికీలు పెద్దగా లేని పొడవాటి ఇటుక గోడ. దాని నడిమధ్యలో నాలుగు పలకల చిమ్నీ.

"ఇది పవర్ హౌస్ కదే!" అన్నాను.

మా అమ్మాయి నవ్వింది. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు వెనక దాచుకుని, ఫస్టు ర్యాంకు వచ్చిందని చెప్పే ముందు నవ్వే నవ్వు అది.

నేను పాల్వంచ థర్మల్ స్టేషన్లో 1979లో చేరి 2012లో రిటైరయ్యాను. ముప్పై మూడేళ్లూ టర్బైన్ వైపే. మా అమ్మాయి పుట్టింది, పెరిగింది ఆ కాలనీలోనే. కొత్తగూడెం నుంచి బస్సులో వస్తుంటే దూరంగా కూలింగ్ టవర్లు కనబడగానే "ఇల్లొచ్చింది" అని లేచి నిలబడేది. చిమ్నీ చూసి లోపల ఏముంటుందో చెప్పగలిగిన బతుకులు మావి.

ఆ భవనం పేరు బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్. డిజైన్ చేసినాయన గైల్స్ గిల్బర్ట్ స్కాట్. లండన్ వీధుల్లో ఫొటోలు దిగే ఎర్ర టెలిఫోన్ పెట్టె కూడా ఆయన గీసిందేనట. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక 1947లో పని మొదలుపెట్టి రెండు విడతలుగా 1963 దాకా కట్టారు. బొగ్గు కాదు, ఆయిల్‌తో నడిచేది. చిమ్నీ 99 మీటర్లు. అవతలి ఒడ్డున ఉన్న సెయింట్ పాల్స్ గోపురం 111 మీటర్లు. దానికంటే ఎత్తు పోకూడదని ఆ లెక్కలో ఆపారు. దేవుడి గుడి ఎదురుగా పొగగొట్టం కడుతున్నప్పుడు ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా. ఆయిల్ ధర పెరిగిపోయి 1981లో ప్లాంటు మూతపడింది. పదమూడేళ్ల తర్వాత, 1994లో, టేట్ అనే కళల సంస్థ కొత్త మ్యూజియానికి చోటు వెతుక్కుంటూ దీన్ని ఎంచుకుంది. డిజైన్ పోటీలో 148 ఎంట్రీలొస్తే హెర్జోగ్, డి మ్యూరాన్ అనే ఇద్దరు స్విట్జర్లాండ్ ఆర్కిటెక్టులు గెలిచారు. 2000 మే నెలలో టేట్ మోడ్రన్ అని తెరిచారు. ఖర్చు 134 మిలియన్ పౌండ్లు. ఇవన్నీ మా అల్లుడు ఫోన్లో చూసి నడుస్తూ నడుస్తూ చదివి వినిపించాడు. నాకు చిమ్నీ ఎత్తు దగ్గరే మనసు ఆగిపోయింది.

పడమటి వైపు తలుపులోంచి లోపలికి పోతే నేల కిందికి జారుతూ ఉంటుంది, పెద్ద ర్యాంపు. దిగుతూ దిగుతూ పైకి చూశాను. నూట యాభై మీటర్లకు పైగా పొడవు, 35 మీటర్ల ఎత్తు. అటూ ఇటూ నల్లటి ఉక్కు స్తంభాలు. పైన అద్దాల కప్పు. దాని పేరు ఇప్పటికీ టర్బైన్ హాలే. బోర్డు మీద అలాగే రాసి ఉంది.

కానీ టర్బైన్ లేదు.

నాకు ఒక్క క్షణం కాళ్లాడలేదు. ఎలా చెప్పాలి... పెళ్లివారింటికి వెళ్తే ఇల్లంతా ఖాళీగా ఉన్నట్టు. మా దగ్గర టర్బైన్ హాల్లో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. ఎండాకాలం మధ్యాహ్నం షిఫ్టులో రెయిలింగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఇక్కడ పిల్లలు ర్యాంపు మీద దొర్లుతున్నారు. ఒకమ్మాయి నేల మీద వెల్లకిలా పడుకుని పుస్తకం చదువుకుంటోంది. చల్లగా ఉంది.

"తాతయ్యా, నువ్వు ఇలాంటి దాంట్లోనే పనిచేశావా?" అని మనవడు.

"ఇలాంటిదే. కానీ నువ్వు నిలబడ్డ చోట మేం నిలబడేవాళ్లం కాదురా. ఇది కింది అంతస్తు. పైన ఆ వంతెన లాంటిది కనబడుతోందా? టర్బైన్ ఫ్లోర్ ఆ ఎత్తులో ఉంటుంది. మెషీన్ దాని మీద కూర్చుంటుంది. కింద కండెన్సర్, పైపులు, పంపులు."

ఆర్కిటెక్టులు చేసిన పని నాకు అప్పుడు అర్థమైంది. మధ్యలో ఉన్న ఫ్లోర్ తీసేశారు. మెషీన్లు పోయాక మిగిలిన ఖాళీని ఏ గదులుగానో కోసేయకుండా, కింది నుంచి కప్పు దాకా మొత్తం ఒకే హాలుగా వదిలేశారు. బొమ్మలు పెట్టే గదులన్నీ నది వైపు, ఒకప్పటి బాయిలర్ హౌస్‌లో కట్టారు. నా చేతికి ఇంత పెద్ద షెడ్డు ఇచ్చి ఏదైనా చెయ్యమంటే నేనైతే నాలుగు అంతస్తులు వేసేవాణ్ణి. ఖాళీగా వదలడానికే ధైర్యం కావాలి.

పైన ఈఓటీ క్రేన్ మాత్రం ఉంది. అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. గోడ పొడుగునా పట్టాలు, వాటి మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచే క్రేన్. ప్రతి పవర్ హౌస్‌లో ఉంటుంది. ఇక్కడ దాంతో ఇప్పుడు పెద్ద పెద్ద శిల్పాలు దించుతారట.

మనవణ్ణి కూర్చోబెట్టి ఓవర్‌హాలింగ్ గురించి చెప్పాను. కొన్నేళ్లకోసారి మెషీన్ ఆపి, పైకప్పు విప్పి, రోటర్ బయటికి తీస్తాం. టన్నుల బరువున్న ఇరుసు అది. దాని చుట్టూ వరసలు వరసలుగా బ్లేడ్లు. కదలికలో వెంట్రుకవాసి తేడా వస్తే బ్లేడు కేసింగుకు రాసుకుంటుంది. మా ఫోర్మన్ ఒకాయన కింద నిలబడి వేళ్లతో సైగలు చేసేవాడు. క్రేన్ ఆపరేటరు పై నుంచి ఆ వేళ్లనే చూసేవాడు. చూపుడువేలు ఇంత ఆడిస్తే ఇంతే పైకి. పిడికిలి బిగిస్తే ఆగాలి. రోటర్ గాల్లో ఉన్నంత సేపూ ఎవరూ మాట్లాడరు. దగ్గు వచ్చినా ఆపుకునేవాళ్లం. దాన్ని తీసుకొచ్చి స్టాండు మీద దించాక ఆయన తల మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకునేవాడు. అదే మాకు సిగ్నల్, ఊపిరి పీల్చుకోవచ్చని. ఆ రోజుల్లో ఇదంతా కళ అని ఎవరైనా అంటే ఆయన నవ్వేవాడు. "కళ కాదు, ఇంక్రిమెంటు" అనేవాడు.

నేను చేతులు ఊపుతూ చెబుతుంటే పక్కన ఇద్దరు తెల్లవాళ్లు ఆగి చూస్తున్నారు. ఇదీ ఒక ప్రదర్శనే అనుకున్నారేమో. అక్కడ ఏది ప్రదర్శనో ఏది కాదో చెప్పడం కష్టం.

ఆ హాల్లో అప్పుడు తొమ్మిది మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఉక్కు సాలెపురుగు నిలబెట్టి ఉంది. లూయీ బూర్జువా అనే ఆవిడ చేసింది. మ్యూజియం తెరిచినప్పుడు ఇక్కడే మొదట పెట్టారట, ఇరవై ఐదేళ్లయిన సందర్భంగా మళ్లీ తెచ్చారు. పేరు 'మామన్'. ఫ్రెంచిలో అమ్మ అని. కడుపు కింద సంచిలో పాలరాతి గుడ్లున్నాయి. వాళ్లమ్మ పాత గోడతివాచీలకు రిపేరు పని చేసేదట. తెగిన పోగుల్ని మళ్లీ నేసే చెయ్యి కాబట్టి సాలెపురుగుతో పోల్చింది. మా ఆవిడ దాని కాళ్ల మధ్య నిలబడి ఫొటో తీయించుకుంది. తర్వాత చుట్టూ చూసి, "ఏమండీ, బూడిద లేని ప్లాంటు ఇదే చూడ్డం" అంది.

ఆ మాట ఆవిడే అనగలదు. కాలనీలో దండెం మీద తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగు. మామిడాకుల మీద బూడిద, నీళ్లడ్రమ్ము మీద బూడిద. పిల్లలకి దగ్గు వస్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, ఇల్లు ఏ గేటు వైపని. నేను ప్లాంటు గురించి గొప్పగా చెప్పినప్పుడల్లా ఆవిడ ఈ మాట ఒకటి పక్కన పెడుతుంది. పెట్టాలి కూడా.

ఈ హాలు మొదటి నుంచీ ఒక్కో ఏడు ఒక్కో కళాకారుడికి అప్పజెబుతున్నారు. 2003లో ఓలాఫర్ ఎలియాసన్ అనే ఆయన చివరి గోడ మీద పెద్ద సూర్యుణ్ణి వెలిగించాడు. కప్పుకి అద్దాలు పెట్టాడు. జనం కింద పడుకుని పైన తమ నీడల్ని చూసుకునేవాళ్లట. ఫొటో చూపిస్తే పసుపు రంగు చూసి "సోడియం ల్యాంపులు" అన్నాను. నా అంచనా సరిపోయింది, ఒకే రంగు వెలుగు ఇచ్చే దీపాలు వాడారు. 2010లో ఐ వైవై అనే చైనా కళాకారుడు పింగాణీతో చేసిన పొద్దుతిరుగుడు గింజలు పది కోట్లు నేల మీద పరిచాడు. జనం వాటి మీద నడిస్తే దుమ్ము లేస్తోందని, ఊపిరితిత్తులకు మంచిది కాదని కొన్ని రోజులకే నడవడం ఆపేశారు. ఇది విని నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. ఏమీ అనుకోలేదు మేము.

2007లో డోరిస్ సాల్సెడో అనే కొలంబియా ఆవిడ ఈ కాంక్రీటు నేలకి 167 మీటర్ల పొడవున పగులు పెట్టింది. తర్వాత పూడ్చేశారు గానీ గీత ఇంకా కనబడుతుంది, మానిన ఆపరేషన్ గాయం లాగ. మనవడు దాని మీద ఒక కాలు ముందు ఒక కాలు పెట్టి నడుచుకుంటూ పోయాడు. వాడి వెనకే నేనూ వెళ్లాను.

హాలు చివర కాస్త జనం తక్కువగా ఉన్న చోట ఆగాను. చెవిలో ఏదో మోగుతోంది.

నాకు ఎడమ చెవి సరిగా వినపడదు. టర్బైన్ దగ్గర పనిచేసిన చాలామందికి అంతే. వినపడకపోవడం ఒక్కటే కాదు, లోపల ఎప్పుడూ సన్నగా ఒక హోరు ఉంటుంది. రాత్రి ఇల్లంతా నిద్రపోయాక మరీ తెలుస్తుంది. రిటైరైన కొత్తలో, 'నేను ప్లాంటు వదిలినా ప్లాంటు నన్ను వదల్లేదు' అని జోకు వేసేవాణ్ణి. ఇది కూడా అదే అనుకున్నాను. కానీ తల తిప్పితే తగ్గుతోంది. దక్షిణం వైపు గోడకి దగ్గరగా పోతే పెరుగుతోంది. చెవిలోది తల తిప్పితే మారదు.

"ఒరేయ్, నీకేమైనా వినబడుతోందా?" అని మనవణ్ణి అడిగాను.

వాడు కళ్లు మూసుకున్నాడు. "ఊఁ... ఫ్రిజ్ లాగా?"

"గట్టిగా విను."

"ఊఁ. వస్తోంది తాతయ్యా. మ్‌మ్‌మ్ అని."

వాడి భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది ట్రాన్స్‌ఫార్మర్ మోత. మా అల్లుడు మళ్లీ ఫోన్ తీసి చూసి చెప్పాడు. ప్లాంటు మూసేసినా దక్షిణం వైపు సబ్‌స్టేషన్ తీయలేదట. మ్యూజియం పక్కనే గోడ అవతల అది కరెంటు పంపుతూనే ఉంది. బ్రూస్ నౌమన్ అనే ఇంకో కళాకారుడు 2004లో ఈ హాలుని వట్టి గొంతులతో నింపినప్పుడు, ఈ మోతని కూడా లెక్కలోకి తీసుకున్నాడట.

ఇంగ్లండులోనూ మనలాగే యాభై సైకిల్సు. అంటే ట్రాన్స్‌ఫార్మర్ సెకనుకి వందసార్లు అదురుతుంది. అమెరికాలో అయితే అరవై సైకిల్సు, అక్కడి శ్రుతి వేరు. ఇది మాదే. ముప్పై మూడేళ్లు నేను నిద్రపోయిందీ లేచిందీ ఈ శ్రుతిలోనే. మనవడికి గోడకి చెవి ఆనించి వినడం నేర్పాను. మేం బేరింగుల దగ్గర ఒక ఇనుప కడ్డీ ఆనించి రెండో కొస చెవి దగ్గర పెట్టుకునేవాళ్లం. లోపల ఇసుక రాలినట్టు వినబడితే షిఫ్టు ఇంజనీరుకి చెప్పాలి. తాతా మనవడూ గోడకి చెవులు ఆనించి నిలబడితే అక్కడి సెక్యూరిటీ అమ్మాయి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. రోజూ ఇంతకంటే వింతలు చూస్తుందేమో.

ఇక్కడ పాల్వంచ సంగతి చెప్పాలి. 1966లో మొదలైన మా పాత స్టేషన్, మొత్తం 720 మెగావాట్లది, కాలం తీరి మూతపడింది. 2024 ఆగస్టు 5, సోమవారం. పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చారు. ముందే తెలుసు ఆ రోజని. నాతో పనిచేసినవాళ్లు కొందరు మేడల మీదికెక్కి చూశారు. నన్నూ పిలిచారు. నేను బ్యాంకులో పనుందని ఖమ్మంలోనే ఉండిపోయాను. బ్యాంకులో నాకు పనేమీ లేదు. పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుని, కుర్చీలో కూర్చుని వచ్చాను. సాయంత్రానికి ఫోన్లో పది వీడియోలు. టవరు మొదట నడుం దగ్గర వంగుతుంది, ఆ తర్వాత మొత్తం దుమ్ము. కొన్ని సెకన్ల పని. మా అమ్మాయికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. నేనూ అడగలేదు.

లండన్లో ఆ గోడ దగ్గర నిలబడ్డప్పుడు, ఏడాది ఆలస్యంగా ఆ అమ్మాయి నాకు జవాబు చెబుతోందని అర్థమైంది.

మన దగ్గర కూడా ఇలా మ్యూజియం చేసి ఉండొచ్చు కదా అని మా అల్లుడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బ్యాంక్‌సైడ్ ఊరి నడిబొడ్డున ఉంది, నదికి ఇటు ఇది, అటు సెయింట్ పాల్స్. చల్లబరచడానికి థేమ్స్ నీళ్లే వాడారు కాబట్టి దీనికి కూలింగ్ టవర్లే లేవు. ఇటుక గోడల పెట్టె. పెట్టెలో ఏదైనా పెట్టుకోవచ్చు. మా టవర్లు అలా కాదు, లోపల ఖాళీగా ఉండే కాంక్రీటు డొల్లలు. అడవి పక్కన, కిన్నెరసాని నీళ్లు తాగుతూ బతికినవి. వాటిలో పెయింటింగులు తగిలించి ఎవర్ని పిలుస్తాం?

కానీ ఒక మాట మాత్రం మనసులో ఉండిపోయింది, అది లండన్‌కీ వర్తిస్తుంది. ఇక్కడ గోడ ఉంచారు, క్రేన్ ఉంచారు, పేరు ఉంచారు. లోపల పనిచేసినవాళ్ల ఆనవాలు నాకు కనబడలేదు. ఒక్క బ్లేడు లేదు. షిఫ్టు లాగ్‌బుక్కు లేదు. కంట్రోల్ ప్యానెల్ ముందు కుర్చీ లేదు. రాత్రి మూడింటికి మెషీన్ ట్రిప్ అయితే ఎవరు ఎటు పరిగెత్తేవాళ్లో చెప్పే కాగితం లేదు. కింద ఆయిల్ నిలవచేసిన మూడు గుండ్రటి ట్యాంకులు మాత్రం అలాగే ఉంచి, 2012 నుంచి వాటిలో నాటకం, నాట్యం లాంటివి ఆడిస్తున్నారు. అక్కడికి దిగినప్పుడు కాంక్రీటు మీద మరకలు చూశాను. ఆ మరకలు నాకు మిగతా అన్నింటికంటే నచ్చాయి. మన దగ్గర పాత ప్లాంటు ఏది మూసినా, గేటు దగ్గర ఒక రోటర్ నిలబెట్టి, పక్కన దాన్ని నడిపినవాళ్ల పేర్లు రాస్తే చాలు. 134 మిలియన్ పౌండ్లు అక్కర్లేదు. క్రేన్ అద్దె, పెయింటరు కూలి.

బాయిలర్ హౌస్ వైపు గదుల్లోకి కూడా వెళ్లాం, చెప్పకపోతే అన్యాయం. చాలావాటి ముందు నాకేమీ తోచలేదు. ఒకచోట మాత్రం గోడంత బట్ట, మొత్తం ముదురు ఎరుపు, మధ్యలో ఇంకా ముదురు. బొమ్మంటూ ఏమీ లేదు. వేసినాయన పేరు రాసుకోవడం మర్చిపోయాను. బాయిలర్‌కి చిన్న కంత ఉంటుంది, నీలం అద్దం అడ్డం పెట్టుకుని దాంట్లోంచి మంట రంగు చూస్తాం. మంట బాగుంటే ఒక రంగు, గాలి తక్కువైతే ఇంకో రంగు. ఆ బట్ట ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా అమ్మాయి వచ్చి "అర్థమైందా నాన్నా?" అంది.

"గాలి కొంచెం తక్కువైంది" అన్నాను.

పులిహోర నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని తిన్నాం. తింటూ మా రిటైరైన వాళ్ల వాట్సాప్ గ్రూపులో నాలుగు ఫొటోలు పెట్టాను. చిమ్నీ, హాలు, క్రేన్, సాలెపురుగు కింద మా ఆవిడ. పవర్ హౌస్‌ని మ్యూజియం చేశారని, మొదటి ఏడాదే యాభై లక్షల మందికి పైగా వచ్చారని రాశాను.

ఇండియాలో సాయంత్రమై ఉంటుంది. ముందు రెండు దండాలు వచ్చాయి. ఆ తర్వాత బాయిలర్ సెక్షన్లో పనిచేసిన మా పాత మిత్రుడొకాయన అడిగాడు.

"కెపాసిటీ ఎంత?"

అల్లుణ్ణి అడిగి టైపు చేశాను. "300 మెగావాట్లు."

"అంతేనా? మన దాంట్లో సగం కూడా లేదు" అని వచ్చింది. కాసేపటికి మళ్లీ: "క్రేన్ దగ్గర్నుంచి ఇంకో ఫొటో తియ్యి. హుక్కు కనబడాలి."

చెయ్యి కడుక్కుని మళ్లీ లోపలికి వెళ్లాను.